తంకం పేరున్న నల్లబూజు

శోశమ్మ ఆకు తుంచగానే తెల్లటి పాలు కారి వేళ్లకు అంటుకున్నాయి. ఆమె ఇంకో ఆకూ తుంచి చూసింది. అవే పాలు. మల్లెకు పాలుండవు.

ఆ తీగ ఆకుల నిండా మసి అంటినట్టు నల్లమచ్చలు. ఒక్కో మచ్చా ఒక బూజు కాపురం. ఆకును చంపకుండా దాని మీదే బతికేస్తుంది. ఈ నల్లబూజుల కుటుంబాన్ని జాతులుగా విడదీసి వర్ణించడానికే ఆమె గురువు పిషారడి సార్ జీవితమంతా ధారపోశారు. ఒక్కో బూజు తనకు నచ్చిన మొక్కనే పట్టుకుంటుంది. మొక్కను పోల్చుకోవడంలో పొరబడితే బూజు దగ్గరా తప్పు జరుగుతుంది. చాలా ఏళ్ల కిందట కేరళలోని నెల్లియాంపతి కొండల్లో, పూత లేని ఈ తీగను ఆయన అడవిమల్లె అనుకున్నారు. దాని మీది బూజును కొత్తజాతిగా ప్రకటించి, ఆ ఆకును మొదట చూసిన తన భార్య తంకం పేరు పెట్టారు.

ఇప్పుడు అదే తీగ పూసింది. చూస్తే గన్నేరు కుటుంబానిది. శోశమ్మ మచ్చ మీద రంగులేని నెయిల్ పాలిష్ పూసి, ఆరాక పొరలా ఒలిచి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. సార్ దాచిన పాత నమూనానూ పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే. పైగా ఎప్పుడో సింహళంలో ఎవరో వర్ణించిన జాతితో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. ముందు పెట్టిన పేరే నిలవాలి. తంకం పేరు పోవాలి.

తంకం కన్నుమూసి ఏడాదైనా కాలేదు. చదువుకునే రోజుల్లో శోశమ్మకు ఆకలి తెలియకుండా చూసిన మనిషి ఆవిడ. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదని ఒక మనసు, అది సార్ నేర్పిన చదువుకే ద్రోహమని ఇంకో మనసు. నలిగి నలిగి చివరికి సార్ ఉండే ఒట్టపాలెం బస్సెక్కింది.

సార్ ఎదుట కూర్చుని వానల గురించీ, కొండదారి గురించీ ఏవేవో చెప్పింది. ఆయన కాసేపు విని, "డొంకతిరుగుడు ఎందుకమ్మాయీ? మొక్క తప్పా, బూజు తప్పా?" అన్నారు.

"మొక్క, సార్. పాలు కారాయి."

ఆమె తెచ్చిన నమూనాలను పెట్టుకుని ఆయన తన పాత సూక్ష్మదర్శిని మీదికి వంగి చాలాసేపు లేవలేదు. లేచాక కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"పెళ్లయిన కొత్తలో నేను నెయిల్ పాలిష్ సీసాలు తెస్తుంటే తనకేనని మురిసిపోయేది పిచ్చిది. ఒక్కటీ ఇవ్వలేదు. ఈ పేరొక్కటే ఇచ్చాను."

 ఈ తప్పు సరిదిద్దే వ్యాసం తానే రాస్తాననీ, ఆయన్ను నొప్పించకుండా రాస్తాననీ శోశమ్మ గొణిగింది.

"నువ్వెందుకు? పెట్టింది నేను, తీసేదీ నేనే. నేను చెప్తా, నువ్వు రాయి. అయినా పూర్తిగా ఎక్కడికి పోతుందిలే. నిలిచిన పాత పేరు కింద, చెల్లని పేర్ల వరసలో తన పేరూ వేయాల్సిందే కదా."

ఆయన చెబుతుంటే ఆమె రాసింది. 'ఈ పేరు ఇకపై చెల్లదు' అనే వాక్యం దగ్గర ఆయన రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశారు. శోశమ్మ తొందరపెట్టలేదు. కాసేపటికి ఆయనే అందుకుని పూర్తి చేశారు.

భోజనం చేయనిదే ఆమెను కదలనివ్వలేదు. ఆయన స్వయంగా వండిన పులిశ్శేరి అనే మజ్జిగపులుసులో ఉప్పెక్కువైంది. ఇద్దరూ ఆ మాటెత్తకుండా తిన్నారు. వ్యాసం ఆ వర్షాకాలంలోనే ఇద్దరి పేర్లతో అచ్చయింది.