గీత దాటిన తాతగారిల్లు

శనివారం పొద్దున ఏడింటికి పునాది మీద దూలాలు పరిచారు. భోజనాల వేళకు గోడలు లేచాయి. ఆవులు పాలకు వచ్చే వేళకు పైకప్పు రేకులు కూడా బిగించేసి, డెబ్బై మంది మగాళ్లు టోపీలు దులుపుకుని గుర్రపు బగ్గీలెక్కి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. సలోమా గ్లిక్ కొత్త గుమ్మంలో నిలబడి పచ్చి చెక్క వాసన గుండెల నిండా పీల్చుకుంది. తలుపుల్లేవు, అద్దాల్లేవు, అయినా ఇల్లు ఇల్లే.

చిన్నకొడుకు మెనోకు పొలం అప్పగించాక ముసలాళ్లు పక్కనే ఓ చిన్న ఇంట్లోకి మారడం, కరెంటూ కార్లూ లేకుండా పాత పద్ధతిలో బతికే వాళ్ల సంఘంలో ఎప్పటి నుంచో ఉన్నదే. దాన్ని తాతగారిల్లంటారు. మెనోకు ఐదుగురు పిల్లలు. అత్తా కోడలూ ఒకే పొయ్యి దగ్గర పదకొండేళ్లు గొడవపడకుండా నెట్టుకొచ్చారంటే ఆ గొప్పతనంలో సగం పొయ్యికే ఇవ్వాలి. ఈ ఇల్లు లేకపోతే సలోమా, భర్త ఎఫ్రాయీం కెంటకీలో ఉన్న పెద్దకూతురు లేయా దగ్గరికి పోవాలి. ఆరువందల మైళ్లు. లేయా మంచిదే, గదీ ఖాళీగానే ఉంది. కానీ ఇరవయ్యో ఏట కోడలిగా ఈ లాంకాస్టర్ మట్టి తొక్కిన సలోమాకు ఇక్కడే కన్ను మూయాలని ఉంది. ఇంకో కోరికంటూ లేదు.

సోమవారం భూరక్షణ సంస్థ నుంచి డెనీజ్ వచ్చింది. ఏడాదికోసారి వచ్చి, పొలమంతా నడిచి, ఫోటోలు తీసుకుని, కాఫీ తాగి వెళ్లే పిల్ల. ఈసారి కాఫీ వద్దంది.

“ఎఫ్రాయీం గారూ, ఇదేంటండీ?”

“ఇల్లు.”

“అది కనబడుతూనే ఉంది. గీత అవతల కట్టారు.”

“ఉత్తరం రాశాను కదమ్మా! ఫలానా శనివారం కడుతున్నాం, అభ్యంతరముంటే చెప్పండని.”

“జవాబు రాలేదుగా?”

“రాలేదు. అందుకేగా కట్టింది.”

డెనీజ్ కొత్త గోడ వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది. సలోమాకు మాత్రం సంగతి అప్పుడే అర్థమైపోయింది. వాళ్ల సంఘంలో బిషప్ ఏదైనా అడిగితే కాదనేవాడు లేచి చెబుతాడు, నోరు మెదపని వాడు ఒప్పుకున్నట్టే. నలభై ఏళ్లుగా ఎఫ్రాయీం బతుకంతా ఆ పద్ధతి మీదే నడిచింది. ఇంగ్లీషు వాళ్ల, అంటే సంఘం బయటివాళ్ల, ఆఫీసు నోరు మెదపలేదంటే తన ఉత్తరం ఏదో కాగితాల అడుగున పడి ఉందేమోనన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాదు.

“మీ ఉత్తరం వచ్చే నెల మీటింగు ఫైల్లో ఉందండీ,” అంది డెనీజ్ నీరసంగా.

ఆ గీత గీసింది ఎవరో కాదు, ఎఫ్రాయీమే. పన్నెండేళ్ల కిందట పక్క పొలంలో ఒక్క ఏడాదిలో అరవై ఇళ్లు లేచినప్పుడు ఆయనకు తిండి సయించలేదు. నా పొలానికి ఆ గతి పట్టకూడదని సంస్థకు రాసిచ్చేశాడు. ఇక ఎన్నటికీ, ఎవరి చేతికి పోయినా, సాగు తప్ప వేరే పని జరగకూడదు. ఇళ్లూ కొట్టాలూ ఎంతవరకు ఉండొచ్చో మీరే గీయండని మ్యాపు చేతికిస్తే, జొన్న మొక్క ఒక్కటి కూడా లోపల పడకూడదన్నట్టు ఇంటినీ కొట్టాన్నీ బిగించి గీత గీశాడు. అప్పుడు ఆయనకు యాభై నాలుగు. ముసలితనం తనకూ వస్తుందని యాభై నాలుగేళ్ల మగాడికి ఎవరు చెబుతారు? చెప్పినా వింటాడా? పెళ్లాన్ని అడగనైనా అడగలేదు. ఆవిడ చూపించిన చోట సంతకం చేసింది.

“అరవై రోజుల్లో తీసేయాలి. ఒక్క దారి ఉంది,” అంది డెనీజ్. “గీతను కాస్త ఇటు జరిపి, అటువైపు అంతే నేల పొలంలో కలిపేలా బోర్డుకు చెప్పి చూడగలను. కానీ ఫిర్యాదు వచ్చింది. గుట్ట మీదింటి రసెల్ గారు ఫోటోలు తీసి పంపారు. ఆయన వెనక్కి తీసుకుంటే తప్ప బోర్డు వినదు.”

“ఎప్పుడు తీశాడు?” అంది సలోమా.

“నిన్ననే.”

“ఆదివారమా!” సలోమాకు ఇల్లు పోయే బాధ కన్నా ఆ క్షణాన ప్రార్థన రోజున ఆ పని చేశాడన్నదే పెద్దదైపోయింది.

డెనీజ్ వెళ్లాక మెనో గొంతు తగ్గించి, “నాన్నా, టౌన్లో ఒక లాయరున్నాడంట. ఉత్తరం రాశాం కాబట్టి గెలుస్తామంటున్నాడంట,” అన్నాడు.

“మీ తాత కోర్టు మెట్లెక్కాడా?”

“లేదు.”

“నేనెక్కానా?”

“సరే నాన్నా, వదిలెయ్.”

మర్నాడు సలోమా తలకు బానెట్ కట్టుకుని గుట్టెక్కింది. చేతిలో రొట్టె ముక్క కూడా పట్టుకెళ్లలేదు, లంచం ఇచ్చినట్టుంటుందని. అడగాల్సిన మాటలు దారి పొడుగునా వల్లె వేసుకుంది. మీరు చూసేది ఒక గోడే కదండీ, మాకది బతుకండీ. బాగానే కుదిరాయనిపించింది.

తలుపు తీసిన రసెల్ ఆమెను చూసి ఎర్రబడ్డాడు. రిటైరైన లెక్కల మాస్టారు, సన్నగా వెదురుబొంగులా ఉంటాడు. “రండి,” అని లోపలికి దారిచ్చాడు. కిటికీ పక్క కుర్చీలో ఆయన భార్య జూన్ కూర్చుని ఉంది. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. సలోమాకు ఆ సంగతే తెలియదు. రెండేళ్లుగా కంటి ఎదుటున్న ఇల్లు, ఒక్కసారీ గుట్టెక్కి పలకరించలేదు. ఆమెకు సిగ్గేసింది.

“ఈ పొలంలో ఎప్పటికీ ఏదీ కట్టరని ఆఫీసుకెళ్లి కాగితం నా కళ్లతో చదివాకే ఈ ఇల్లు కొన్నానండీ,” అన్నాడు రసెల్. “మీ మీద నాకేం కోపం లేదు. సాయంత్రం మీ ఆవులు వరసగా వస్తుంటే జూన్ లెక్కపెడుతుంది. రోజంతా ఆవిడ తనంతట తాను చేసే పని అదొక్కటే. ఇప్పుడు సగం ఆవులు మీ గోడ వెనక్కి పోతున్నాయి. మొన్నటి నుంచి తలెత్తడం మానేసింది.”

సలోమా కుర్చీ పక్కన వంగి, జూన్ కళ్ల ఎత్తుకు తన కళ్లు తెచ్చి చూసింది. పచ్చని వాలు, దాని నడుమ తన కొత్త చెక్క గోడ. అంత పెద్దదిగా ఉందని కింద నుంచి తెలియలేదు. జూన్ బాగున్న చేతి చూపుడువేలు కుర్చీ చేతి మీద ఊరికే పడి ఉంది. సలోమా వల్లె వేసుకున్న మాటలు అడక్కుండానే లేచింది. “వస్తానండీ,” అని దిగిపోయింది.

“అడిగావా?” అన్నాడు ఎఫ్రాయీం.

“లేదు.”

“మరెందుకెళ్లినట్టు?”

“లేయాకు ఉత్తరం రాయి. గది దులిపించమను.” అంతవరకు గట్టిగానే అంది. తర్వాత ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చూసిందంతా ఆ ఏడుపులోనే చెప్పింది.

ఎఫ్రాయీం మొత్తం విన్నాడు. భోజనానికి కూర్చున్నాడు. ప్లేటు రొట్టెతో శుభ్రంగా తుడిచి తిన్నాక అన్నాడు: “మనుషులెందుకు కదలడం? ఇల్లే కదుల్తుంది.”

“ఎక్కడికి కదుల్తుంది? గీత లోపల కోడిపెట్ట తిరగడానికి చోటుందా? నువ్వు గీసిందేగా!”

ఆయన టేపు తీసుకుని బయటికి నడిచాడు.

తెల్లారి సలోమా కోళ్లకు గింజలు చల్లుతుంటే కొట్టం వెనక రేకులు ఊడుతున్న చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే ఎఫ్రాయీం తన తోలుపని కొట్టు కప్పు మీద ఉన్నాడు. పొలం కొడుక్కిచ్చాక గుర్రాల పట్టీలు కుట్టుకుంటూ మిగిలిన కాలం గడుపుదామని మూడేళ్లు ఒక్కో పలకే తెచ్చి తన చేత్తో కట్టుకున్న కొట్టు అది. తోలు కోసే బల్ల అప్పటికే బయట గడ్డిలో ఉంది.

“ఏమయ్యా, మతి గానీ పోయిందా?”

“ఈ కొట్టు పోతే దీని చోట ఇల్లు పడుతుంది, గుట్ట మీదికీ అడ్డు రాదు. కొలిచాను.”

“పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నువ్వేం చేస్తావు?”

“నీ వంటకు వంకలు పెడతాను.”

జొన్న మొక్క వదలని మనిషి కొట్టు వదిలేశాడు. సలోమా కింద పడిన మేకులు ఏరి ఏప్రాన్‌లో వేసుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

నాలుగు వారాల్లో తండ్రీ కొడుకులు కొత్త పునాది లేపారు. ఆదివారం ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర మాట చెవిన వేశారు, అంతే. శనివారానికి రెండువందల ఇరవై మంది వచ్చారు. గోడల చుట్టూ నడుము ఎత్తులో పట్టుకునేందుకు చెక్కలు కొట్టారు. మెనో బండెక్కి మనుషుల్ని సర్దుతుంటే రసెల్ గుట్ట దిగి వచ్చి బెరుగ్గా నిలబడ్డాడు.

“నాకేమైనా చోటుందా, బాబూ?”

“మాస్టారూ, మీరు మధ్యలోకి రండి. పక్కన మా పిన్నిగారి అల్లుడున్నాడు, మీ వంతు కూడా వాడే మోస్తాడు.”

మెనో మూడు అంకెలు లెక్కపెట్టాడు. ఇల్లు లేచింది. గోడల కింద బూట్లు తప్ప ఏమీ కనబడలేదు. ఇంటికి కాళ్లొచ్చాయని పిల్లలు కేకలు పెట్టారు. ఒక్కో అడుగే వేస్తూ కొట్టం మూల తిరిగి, కొత్త పునాది మీద సున్నితంగా దిగింది.

డెనీజ్ టేపు పట్టుకుని చుట్టూ తిరిగింది. ఒక మూల ఆగింది. “గోడ లోపలే ఉందండీ. చూరే నాలుగంగుళాలు బయటికొచ్చింది. పర్లేదు, నేను రాయను.”

“గీత గీతే,” అన్నాడు ఎఫ్రాయీం. “రంపం తెండ్రా.”

తన గీతకు తానే రెండోసారి దొరికిపోయిన మనిషిని చూసి రెండువందల ఇరవై మంది పడీ పడీ నవ్వారు. ఆయన నిచ్చెనెక్కి ఆ పక్క చూరు కోసేశాడు.

అందరూ వెళ్లిపోయారు. కొత్తింటి కిటికీలోంచి చూస్తే కొట్టం గోడ, పేడకుప్ప, కాస్త ఆకాశం కనబడుతున్నాయి. పొలం ఒక్క గజం కూడా కనబడదు. సలోమా బయటికొచ్చింది. గడ్డిలో తోలు కోసే బల్ల, దాని పక్కన ఎఫ్రాయీం. పడమట మబ్బు పట్టింది.

“వేలానికి పంపేస్తాలే. మంచి చెక్క, ఎవరైనా తీసుకుంటారు,” అన్నాడు.

సలోమా బల్ల ఒక చివర పట్టుకుంది. “ఆ కొస పట్టుకో.”

“ఎక్కడికి?”

“ముందు గదిలోకి.”

“చుట్టాలు కూర్చునే గదే అది! తోలు కంపు కొడుతుంది, సలోమా.”

“కొట్టనీ. కెంటకీ పోయుంటే ఈ కంపు కూడా ఉండేది కాదుగా. ఎత్తు.”

గుమ్మంలో బల్ల ఇరుక్కుంది. ఆమె అటు లాగింది, ఆయన ఇటు నెట్టాడు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు. తొలి చినుకులు పడుతుండగా పక్కకు వంచి లోపలికి తెచ్చేశారు.