ఏడో రింగు

మా మామగారు పారతో కాలవలు తవ్వి, బురదనేలలో నీళ్లు తోడేసి పైన్ చెట్లు పెంచారు. నీళ్లు పోయాక, ఏళ్ల తరబడి నాచు పేరుకున్న ఆ నల్లటి పీట్ నేల మెల్లగా కుళ్లుతూ నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాస్ వదులుతుందట. అదెంతో లెక్కగట్టడానికి సైమి అనే అమ్మాయి మా అడవి నేలలో పన్నెండు ఇనప రింగులు దింపింది. ప్రతి సోమవారం వాటిమీద డబ్బా బోర్లించి, సూదితో గాలి లాగి కొలుస్తుంది.

పదకొండు రింగులు బుద్ధిగా ఉన్నాయి. ఏడోది మాత్రం ముప్పై రెట్లు చూపిస్తోంది.

"కారణం తేలకపోతే మూడు వేసవుల నా పని ఎవరూ నమ్మరు పిన్నీ," అంది సైమి దిగాలుగా, మా వంటింట్లో కాఫీ తాగుతూ. "అటువైపు ఎవరైనా వెళ్తారా బాబాయ్?"

"దుప్పులు వెళ్తాయేమో," అన్నాడు మా ఆయన తౌనో, కప్పులోకి చూస్తూ.

అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి. ముప్పై ఎనిమిదేళ్లుగా చూస్తున్నదాన్ని.

"శనివారం ఆవిరిస్నానం కాగానే బీరు సీసాలు పట్టుకుని ఎటు పోతున్నావయ్యా?" అన్నాను.

"చల్లగాలికి."

"ఆ పిల్ల కొలిచే గాలికేనా?"

తౌనో కప్పు దించాడు. "ఏడో రింగు పక్కన మొద్దు మీద కూర్చుంటా. అక్కడ హిల్లా పళ్లు కాస్తాయి. రెండేళ్లుగా ఎవడో ముందే కోసుకుపోతున్నాడు, అందుకే కాపలా. నాలుగు బీర్లు తాగాక ఇంటిదాకా ఆగడం నా వల్లవుతుందా అమ్మాయ్? అక్కడే కానిచ్చేస్తున్నా."

మా వైపు, బురదనేలల్లో అరుదుగా కాసే ఈ బంగారు రంగు హిల్లా పళ్ల చోటు కన్నబిడ్డలకైనా చెప్పరు. మా మామగారు కూడా మంచాన పడ్డాకే ఈయనకి చెప్పారు. అలాంటిది పరాయి పిల్ల కష్టం వృథా కాకూడదని చెప్పేశాడు. నాకు చాలా గర్వమనిపించింది.

సైమి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "మూత్రంలోని నైట్రోజనే ఈ గ్యాస్‌గా మారుతోందన్నమాట. ఏడోది లెక్కలోంచి తీసేస్తా బాబాయ్. 'మనిషి వల్ల చెడింది' అని రాస్తా. తీసేసిన రింగు మ్యాప్‌లో ఉండదు. మీ చోటు ఎవరికీ తెలీదు."

"మరి దొంగ దొరికాడా?" అన్నాను.

"లేదే," అన్నాడు తౌనో. "మహా గడుసువాడు. శనివారం మాత్రం రాడు."

ఆయన అంత నిజం చెప్పాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. నేలమాళిగలోకి దిగి, సంతలో కొన్నానని చెప్పిన హిల్లా జామ్ సీసాలు ఆరూ తెచ్చి బల్ల మీద పెట్టాను.

తౌనో సీసాల వంక చూశాడు. తర్వాత నా చెవుల వంక చూశాడు.