మంచి వేసవికి ఎత్తిన చెయ్యి

తాడు ఇంకా గాలిలో ఉండగానే సెల్బీ రెండడుగులు ఎడమకి జరిగాడు. అది సరిగ్గా అతని చేతుల్లోనే వచ్చి పడింది. ద్వీపం నుంచి వచ్చే పడవ తాడు అందుకోవడం, రేవు చివర ఇనుపగుంజకి రెండు చుట్లు చుట్టడం, పడవ బయల్దేరేటప్పుడు మళ్ళీ విప్పి నీళ్ళలోకి వదలడం, ముప్ఫై ఏడేళ్ళుగా ఇదే అతని పని. పొద్దున ఎనిమిదింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి. అరచేతులు కాయలు కాసి చెట్టుబెరడులా తయారయ్యాయి. కుడిచేతి చూపుడువేలికి పై కణుపు లేదు. పనిలో చేరిన మూడో నెలలోనే అది తాడుకీ గుంజకీ మధ్య నలిగిపోయింది. పొట్టి మనిషి, మెడ కాస్త ముందుకి వంగి ఉంటుంది. రోజూ ఆ పడవలో తిరిగేవాళ్ళకి కూడా అతని గొంతు ఎలా ఉంటుందో సరిగా తెలియదు.

"ఏం సెల్బీ, ఇవాళ కూడా ఎండే! పెట్టి పుట్టారయ్యా మీరు!" అని అరిచాడు పడవ మీంచి తాడు విసిరిన మనిషి.

సెల్బీ ఆకాశం వంక చూశాడు. సెప్టెంబరు మొదటి శనివారం. మచ్చుకైనా మబ్బు లేదు. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా పడి ఉంది. మూడు మైళ్ళ అవతల ఉన్న ద్వీపం మీద ఇళ్ళ కిటికీలు కూడా లెక్కపెట్టొచ్చు. ఊరంతా మురిసిపోతున్న ఆ ఎండ ఒక్క సెల్బీకి మాత్రం గిట్టడం లేదు. దానికి కారణం ఇంట్లో, వంటగది వెనక గదిలో, మంచం మీద ఉంది.

అన్న లియాండర్‌కి డెబ్భై ఒకటి. సెల్బీకన్నా ఏడేళ్ళు పెద్ద. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు, తండ్రి కట్టిన ఇంట్లోనే ఉండిపోయారు. యాభై ఏళ్ళు సముద్రం మీద చేపలు పట్టిన మనిషి, జూన్‌లో సెయింట్ జాన్స్ ఆసుపత్రికి వెళ్తే డాక్టర్లు కడుపు కోసి చూసి, మళ్ళీ కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వేసవి దాటదన్నారు. ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం లియాండర్ కళ్ళు మూసుకునే అడిగాడు, "బయట ఎలా ఉందిరా?" అని. బయట బంగారం కాస్తోంది. అలాంటి జూన్ సాయంత్రం సెల్బీ తన జన్మలో చూడలేదు. కాని ఆ ముఖం చూస్తూ ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"పొగమంచు అన్నా. చెయ్యి చాపితే చెయ్యి కనబడ్డం లేదు," అన్నాడు.

"అయితే నాకు పోయిందేం లేదు," అని లియాండర్ నిద్రపోయాడు.

అంతే, ఆ ఒక్క మాటతో సెల్బీ ఇరుక్కుపోయాడు. ఒక్క అబద్ధం ఆడితే సరిపోతుందా, దాన్ని రోజూ మేపాలి! ఆ గది కిటికీకి జానెడు దూరంలో కొండరాయి అడ్డం. పైగా మందులవల్ల వెలుతురు గిట్టదని మందపాటి తెర వేశారు. అంతవరకు బాగానే ఉంది. మరి పొగమంచు పడితే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొమ్ము మీద, దీపస్తంభం దగ్గర, పడవలకి దారి తెలియడానికి పెట్టిన బూర మోగాలి కదా? బూర పాడైందన్నాడు. రోజూ సాయంత్రం ఇంటికి వస్తూ కొట్టం వెనక ఆగి, బావిలోంచి అరబకెట్టు నీళ్ళు తోడి కోటు మీద కుమ్మరించుకునేవాడు. నీళ్ళు కారుతున్న ఆ కోటు అన్న మంచం పక్క మేకుకి తగిలించి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ రోజు మంచు ఎక్కడ మొదలైందో, చర్చి గోపురం ఎప్పుడు మాయమైందో, పడవ ఎంత ఆలస్యంగా వచ్చిందో అరగంటసేపు చెప్పేవాడు. రోజుకి పది మాటలు కూడా ఖర్చుపెట్టని మనిషి!

ఊరంతా ఈ నాటకంలో చేరిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ గుమ్మంలోనే ముఖం మాడ్చుకుని మంచుని తిట్టేవాళ్ళు. కొట్టు నడిపే డార్కస్ ఎండకి ముక్కు తోలు ఊడిపోతున్నా సరే, "ఏం పాడు మంచో లియాండర్, ఎముకలు నానిపోతున్నాయి," అనేది. లియాండర్ ఆ ముక్కు వంక తేరిపార చూసి, "పొయ్యి దగ్గర మరీ ఎక్కువసేపు నిలబడకమ్మా," అన్నాడు. బయటికి వచ్చాక డార్కస్ ఏడ్చింది, నవ్వింది కూడా.

ఇక రోజులే, వారాలు కావు అని మొన్న నర్సు చెప్పి వెళ్ళింది. ఈ నాలుగు రోజులూ గడిచిపోతే చాలు. నలభై ఏళ్ళలో ఎప్పుడూ రాని వేసవిని పోగొట్టుకున్నానని తెలియకుండా అన్న వెళ్ళిపోతే చాలు. సెల్బీకి దేవుణ్ణి అడగడానికి ఇంకేమీ లేదు.

ఎటొచ్చీ ఇవాళ తీర్పు రోజు. ఏటా సెప్టెంబరు మొదటి శనివారం పదకొండు గంటలకి డార్కస్ కొట్లో ఊళ్ళో పెద్దవాళ్ళందరూ చేరి, ఆ వేసవి మంచిదో చెడ్డదో చేతులెత్తి తేలుస్తారు. తేలినదాన్ని డార్కస్ కొట్టు తలుపు వెనక రంగుతో రాస్తుంది. ఇక దాని మీద మాట్లాడ్డానికి వీల్లేదు. మంచం మీద ఉన్నవాళ్ళకీ ఒక చెయ్యి ఉంటుంది. పొద్దున వాళ్ళని చూసివచ్చినవాళ్ళు ఎవరో ఒకరు వాళ్ళ తరఫున ఎత్తుతారు. ఏమని తేలిందో లియాండర్ తప్పకుండా అడుగుతాడు.

సెల్బీ వెళ్ళేసరికి కొట్టు నిండిపోయింది. ఉప్పుచేప వాసన, కిరసనాయిలు వాసన, చెమట వాసన. డార్కస్ గల్లా దగ్గర నిలబడి చేతులు తిప్పుతోంది.

"డెబ్భై ఒక్క రోజులయ్యా! డెబ్భై ఒక్క రోజులు బట్టలు బయట తీగ మీద ఆరేశాను. పోయినేడు ఎన్నో తెలుసా? పంతొమ్మిది. ఇది మంచి వేసవి కాకపోతే ఇంక మీరు స్వర్గానికి వెళ్ళినా వంక పెడతారు."

"నీ దుప్పట్లు ఆరితే నా వలలో చేప పడుతుందా?" ఆంబ్రోస్ లేచాడు. ఊళ్ళో మిగిలిన పడవల్లో సగం అతనివే. "నీళ్ళు వేడెక్కి కాడ్ చేపంతా లోతుకి దిగిపోయింది. బావులు చూశావా? అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. నేను స్నానం చేసి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

"చెప్పక్కర్లేదులే, గుమ్మంలోకి రాగానే తెలిసింది."

అందరూ గొల్లుమన్నారు. ఆంబ్రోస్ కూడా నవ్వి, వెంటనే వేలు చూపించాడు. "నవ్వండి, నవ్వండి. ఎవరో రోజూ సాయంత్రం బావి నీళ్ళు నేలపాలు చేస్తున్నారట. తెలిస్తే ఊరుకోను."

సెల్బీ తల వంచుకుని బూట్ల వంక చూసుకున్నాడు.

"బురదనేలల్లో కాసే పళ్ళు ఈసారి ఒక్కటి లేవు," అంది ఎఫీ. పక్కింటి ముసలావిడ. మొగుడు పోయి ఒంటరిగా ఉంటోంది. లియాండర్‌కి పొద్దుటిపూట గంజి తాగించే బాధ్యత తనే మీద వేసుకుంది. "పువ్వులోనే మాడిపోయాయి. మురబ్బా లేకుండా చలికాలం ఎలా గడుస్తుందో ఏమో. అయినా నా మోకాళ్ళు ఈ మూడు నెలలూ ఒక్కసారి నొయ్యలేదమ్మా. నేను మంచిదనే అంటాను."

అలా గంటసేపు నడిచింది. ఈగలున్నాయని ఒకరు, దోమల్లేవని ఒకరు. చివరికి డార్కస్ బల్ల మీద చరిచి చేతులెత్తమంది. మంచిదన్నవాళ్ళు పదకొండుమంది. చెడ్డదన్నవాళ్ళు పదిమంది. అప్పుడు సెల్బీ చెయ్యి లేచింది, చెడ్డదని. ఏటా ఎటు ఎక్కువమంది ఉంటే అటు చివర్లో చెయ్యెత్తే మనిషి. అందరూ తిరిగి చూశారు. అతని లెక్క అతనిది. చెడ్డదని తేలితే ఇంటికి వెళ్ళి అన్నకి ఆ ఒక్క ముక్కైనా నిజం చెప్పొచ్చు. మూడు నెలల్లో ఒక్క నిజం.

"సరికి సరి. ఇప్పుడేం చెయ్యాలి?" అంది డార్కస్.

ఎఫీ రెండో చెయ్యి కూడా పైకెత్తింది.

"ఇది నాది కాదు. లియాండర్‌ది. పొద్దున చెప్పాడు. మంచి వేసవికే ఎత్తమన్నాడు."

"వాడికెలా తెలుసు?" అని ఆంబ్రోస్ గొణిగాడు.

ఎఫీ సెల్బీ వంక చూడకుండా చెప్పింది. "ఏమన్నాడో అలాగే చెప్తున్నా నాయనా, ఏమీ అనుకోకు. 'మా వాడి కోటు రోజూ తడిసే వస్తుంది ఎఫీ. కాని ఒక్కరోజూ ఉప్పు వాసన లేదు. ఆరాక కాలరు మీద తెల్లచార లేదు. యాభై ఏళ్ళు ఆ మంచులో నానినవాణ్ణి, నాకు సముద్రపు మంచుకీ బావి నీళ్ళకీ తేడా తెలీదా? నీళ్ళకి కటకటగా ఉన్న ఏడాది కోటు మీద పోసుకుంటున్నాడు, వెర్రివెధవ' అన్నాడు."

బావి నీళ్ళ మాట ఎత్తిన ఆంబ్రోస్ టోపీ తీసి చేతుల్లో నలుపుకున్నాడు. డార్కస్ రంగు డబ్బా తెరిచి తలుపు వెనక 'మంచిది' అని రాసింది.

ఇంటికి రెండు ఫర్లాంగులు. సెల్బీకి ముఖమంతా వేడెక్కిపోయింది. సిగ్గు, అంతకుమించిన భయం. ఇవాళ కోటు తడపలేదు. గదిలోకి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేడు. ముక్కూ, చెక్కిలి ఎముకలూ, వాటి మధ్య నీలం కళ్ళూ మాత్రం మిగిలాయి.

"ఏమన్నారురా?"

"మంచిదన్నారు."

"అనరూ మరి!"

"ఎప్పట్నుంచి తెలుసన్నా?"

"మూడోరోజు నుంచి."

"మరి చెప్పొచ్చుగా!" సెల్బీకి కోపం కూడా వచ్చింది.

లియాండర్ ఊపిరి కూడదీసుకుని మెల్లగా అన్నాడు. "అరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నువ్వు నాతో కూర్చుని అరగంట మాట్లాడింది ఎప్పుడురా? ఆ మంచు కబుర్లు ఎంత బాగా చెప్పేవాడివని! పొద్దుటినుంచి వాటికోసం ఎదురుచూసేవాణ్ణి. నిజం తెలిసిందంటే మానేస్తావని..."

సెల్బీ మంచం అంచున కూర్చున్నాడు. అప్పటికి గాని అతనికి అసలు సంగతి తట్టలేదు. మూడు నెలలు. డెబ్భై ఒక్క మంచి రోజులు. కావాలనుకుంటే వాటిలో ఏ రోజైనా అన్నని ఎత్తుకుని బయట కూర్చోబెట్టగలిగేవాడు. అబద్ధం నిలబెట్టుకోవడానికి మనిషిని చీకట్లో పెట్టాడు.

"నిన్ను బయటికి తీసుకెళ్ళేవాణ్ణన్నా," అన్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

"ఊఁ. అదీ నిజమే," అన్నాడు లియాండర్. ఓదార్చడానికైనా కాదనలేదు. కిటికీ తెర వైపు చూసి, "ఇంకా ఎండ ఉందా?" అన్నాడు.

"ఉంది."

"అయితే ఏడుస్తూ కూర్చుంటావేం? పద."

తాళ్ళు లాగిన చేతులకి అన్న బరువే అనిపించలేదు. వాకిట్లో, సముద్రం కనిపించే వైపు, వంటింటి కుర్చీ వేసి, దిండ్లు సర్ది, దుప్పటి కప్పి కూర్చోబెట్టాడు. లియాండర్ చాలాసేపు కళ్ళు తెరవలేకపోయాడు. తరవాత చేతులు అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెంగా చూశాడు. ఇద్దరూ చక్కెరపాకం రాసిన రొట్టె తిన్నారు. లియాండర్ ఒక్క ముక్క కొరికి, చప్పరించి, చాలన్నాడు. సెల్బీ చెప్పడం మొదలుపెట్టాడు. జూన్ పదమూడున సముద్రం ఏ రంగులో ఉందో, జూలైలో తిమింగలం రేవు దాకా వచ్చి ఎలా ఊపిరి వదిలిందో, ఆంబ్రోస్ వీపు కాలి బొబ్బలెక్కి వారంపాటు బోర్లా ఎలా పడుకున్నాడో, వేసవి మొత్తం మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. లియాండర్ మధ్య మధ్య "అబ్బో!" అనేవాడు. ఒకసారి మాత్రం మధ్యలో ఆపి, "మేజోళ్ళు తియ్యరా. కాళ్ళకి ఎండ తగిలి ఎన్నేళ్ళయిందో," అన్నాడు.

సెల్బీ తీసి కంచె మీద వేశాడు. పాదాలు తెల్లగా, నీళ్ళలో నానిన కాగితంలా ఉన్నాయి. లియాండర్ వేళ్ళు విప్పార్చి, ముడిచి, మళ్ళీ విప్పార్చాడు.

మూడున్నర దాటింది. "పడవ వస్తుంది. వెళ్ళు," అన్నాడు లియాండర్. "నేనిక్కడే ఉంటాలే."

తాడు ఎప్పటిలాగే వచ్చి చేతుల్లో పడింది. రెండు చుట్లు చుట్టి, నడుం నిలబెట్టి, సెల్బీ పడవ మనిషిని తనే పలకరించాడు. "ఈ ఏడు వేసవి మాత్రం దివ్యంగా ఉందయ్యా!" ఆ మనిషి తాడు వదిలేసి నోరు తెరుచుకుని చూశాడు.

తిరిగి వచ్చేసరికి లియాండర్ తల ఒక పక్కకి, భుజం మీదికి వాలి ఉంది. ముక్కు కొన ఎండకి ఎర్రగా కందింది. "పడవ నిండా జనమన్నా," అంటూ వచ్చిన సెల్బీ మాట మధ్యలో ఆగింది. కుర్చీ పక్కన గడ్డిలో కూర్చుని, అన్న పాదం మీద చెయ్యి వేశాడు. అది ఇంకా ఎండకి వెచ్చగానే ఉంది. తను మొదలుపెట్టిన మాట పూర్తి చేశాడు. ఎవరెవరు దిగారో, ఎవరు ఏం తెచ్చుకున్నారో చెప్పాడు.

అయిదింటికి ఎఫీ వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి నలుగురిని పిలుచుకొచ్చింది. ఆంబ్రోస్, ఇంకొకతను కుర్చీతో సహా లియాండర్‌ని లోపలికి మోశారు. డార్కస్ పరుగెత్తుకుంటూ వచ్చింది. గుమ్మంలో ఆగి, ముఖం మాడ్చుకుని, మూడు నెలల అలవాటు ప్రకారం "ఏం పాడు మంచో..." అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సెల్బీ ఆమె భుజం తట్టి లోపలికి తీసుకువెళ్ళాడు.

వాకిట్లో ఎవరూ మిగల్లేదు. కంచె మీద ఒకదాని పక్కన ఒకటిగా వేసిన రెండు ఉన్ని మేజోళ్ళు, మడమ దగ్గర ఎర్రదారంతో అతుకు వేసినవి, పొడిగా ఎండలోనే ఉన్నాయి.