పొగ గొట్టానికి చింతమేకు

వంక పొంగి పుంగనూరు దారిలో మోరీలు కొట్టుకుపోయిన వరదకు మరుసటి ఏడు. ఆ వరదలోనే మునిరత్నం బాడుగకారు ఇంజను దాకా మునిగింది. బురద కడిగాక బండి లేచింది గానీ, లోపల పొగ వాసన పట్టుకుంది. ఎక్కినవాళ్లు అద్దాలు దించుకుని సరిపెట్టుకునేవాళ్లు. అతని భార్య నారాయణమ్మకు అదీ కుదరదు. ఆమెకు ఆయాసం, ఆ పొగ సోకితే మంచం ఎక్కాల్సిందే. కుప్పంలో ఆమె తల్లి పడకేసింది. కిక్కిరిసిన బస్సులు మారి మారి పోయే ఓపిక ఆమెకు లేదు. ఊరందరినీ తిప్పే మొగుడు, ఇంటిమనిషిని తల్లి దగ్గరికి చేర్చలేకపోతున్నాడు.

ఓ రోజు బానెట్ ఎత్తి వెదికాడు. ఇంజను పక్కనున్న రబ్బరు పైపు చీలి, అందులోంచి పొగ వస్తోంది. అతనిది సేద్యగాళ్ల ఇల్లు. చేలో మోటారు పైపు కారితే చింతకొయ్యతో చెక్కిన మేకుకు గుడ్డ చుట్టి బిగించేస్తారు. ఇక్కడా రబ్బరు పైపు పీకేసి, ఇంజనుకు అది తగిలించి ఉన్న కన్నంలో మేకు దిగ్గొట్టాడు.

పొగ ఆగింది. భార్యతో, "ఇంగ కుప్పం పోదాం" అని కూడా అన్నాడు. మర్నాటికల్లా ఇంజను నలువైపులా ఆయిలు కక్కింది. అది కాలే గొట్టం మీద పడి బండి మొత్తం పొగ.

మేకలు తోలుకుపోతున్న హనుమక్క ఆగి చూసింది. "ఏమప్పా, కార్లో బొగ్గులు కాలుస్తాండావా?"

బండిని మదనపల్లెకు ఈడ్పించాడు. అక్కడి మెకానిక్ షెడ్డు ముత్యాలప్ప మేకు పీకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదెవురు కొట్టిండేది?"

"నేనే. మా ఆయమ్మకు ఆయాసం. పొగ వస్తాంటే మూయకుండా ఏం జేస్తారు?"

"ఇంటిదానికి ఆయాసమని ఇంజనుకూ తెప్పించినావే! ఆ పొగను మూయకూడదప్పా, మూస్తే లోపల బిగిసి ఆయిల్ను బయటికి తోస్తాది. బయటికీ వదలకూడదు. మళ్లీ ఇంజనుకే తాపల్ల."

కొత్త రబ్బరు పైపు, దాని వాల్వు, సైలెన్సర్ గొట్టం అతుకు దగ్గర చిట్లిన గ్యాస్కెట్టూ మార్చాడు.

"మా ఆయమ్మ కూర్చోవచ్చునా?"

"నన్నడిగితే? ఆయమ్మే జెప్పల్ల."

అద్దాలు బిగించుకుని పుంగనూరు వచ్చాడు మునిరత్నం. వాసన లేదనిపించింది. కానీ ఏడాదిగా పొగలో నానిన ముక్కు, దాన్నేం నమ్మేది?

మర్నాడు పొద్దున టాక్సీ స్టాండుకు పోలేదు. బండిని వాకిట్లో పెట్టి ఇంజను వేశాడు. నారాయణమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కింది. అతను వెనక్కి తిరిగి చూడకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి కొంగు తీసింది.

"పెట్రోలు వాసనొస్తాండాది."

"దిగేస్తావా?"

"యాల దిగేది? పోనీ."

కుప్పం దారిలో పెద్దపంజాణి దగ్గర మూటలతో ఉన్న ఇద్దరు చెయ్యెత్తారు. మునిరత్నం హారన్ కొట్టి, ఆపకుండా పోనిచ్చాడు.