కదలని కవల

పెండలం గంపతో కొండెక్కుతున్న లునీస్ సగం దారిలో నడుం పట్టుకుని కూలబడింది. నెలలు నిండాయి. పొత్తికడుపులో రాయిలా గట్టిగా తగిలే ఒక చోట కోస్తున్నట్టుంది. పొద్దున్నించీ వచ్చిపోతున్న నొప్పి ఇప్పుడు వదలడం లేదు.

ఆమె మొగుడు ఫిల్బే అప్పుడు కోడిపందేల దగ్గర ముందు వరసలో కూచున్నాడు. కోడలి పొట్ట తడిమి కవలలని అతని తల్లి సిలోట్ చెప్పిననాటి నుంచీ అతనికి ఆ మర్యాద. హయితీ కొండల్లో కవలలంటే దేవతలే. అలిగితే రోగాలు తెప్పిస్తారు. అందుకని కవలల తండ్రికి అందరూ రమ్ము పోసేవారు. పలుగు ముట్టని ఆ మగాడు దాన్నంతా సొంత కష్టార్జితంలా తాగేవాడు.

సిలోట్ ఊరికి మంత్రసాని. లునీస్ పొట్టలో ఒకటి తన్నుతోంది, రెండోది కదలదు. "కదలనిది ఆడపిల్ల. అణకువ గలది," అని తేల్చింది. ఊరంతా తలాడించింది. ఆడదాని అణకువ మీద వాళ్ళకి అంత నమ్మకం!

కిందటి నెల పట్నం ఆసుపత్రిలో నర్సు నొవిలియా లునీస్‌కి స్కానింగ్ చూపించి మరీ చెప్పింది. "బిడ్డ ఒక్కటేనమ్మా. రెండోది గర్భసంచిలో కండగడ్డ. బిడ్డ దిగే దారికి అడ్డం కూచుంది. దానివల్లే బిడ్డ కూడా అడ్డం తిరిగింది. ఇంట్లో కన్నావంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. నొప్పులు రాగానే వచ్చెయ్, కోసి తీస్తారు."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఫిల్బే పగలబడి నవ్వాడు. "పిచ్చిమొహమా, ఒకదాన్ని ఆసుపత్రోళ్ళే కాజేసి గడ్డ అంటార్లే!"

లునీస్ ఎలాగో ఇల్లు చేరింది. వాకిట్లో పుట్టబోయే కవలలకి మొక్కుగా విందు. జంట గిన్నెల్లో మేకమాంసం, చుట్టూ జనం, మధ్యలో పందెం ముగించుకొచ్చిన ఫిల్బే.

"అత్తా, నొప్పులు ఆగట్లేదు. పట్నం పోతా."

"ముందు కవలలకి పెట్టాలే. కడుపు నిండితే వాళ్ళే దిగొస్తారు," అంది సిలోట్.

ఫిల్బే దారికి అడ్డం నిలబడ్డాడు. "ఒక్కదాన్ని ఎత్తుకొస్తే నలుగుర్లో నా మొహం ఎక్కడ పెట్టుకోనే?"

ఆ మొహాన్ని లునీస్ నిదానంగా చూసింది. ఇన్నాళ్ళూ దీనికా తను భయపడింది? అసహ్యం వేసింది.

"ఇద్దరు కావాలంటే నువ్వే కను. తప్పుకో."

అతను తప్పుకున్నాడు. జనం ముందు ఏం చెయ్యాలో ఎప్పుడూ జనమే చెప్పాలి అతనికి. ఈసారి ఎవరూ చెప్పలేదు. లునీస్ గోడ పట్టుకుని రోడ్డెక్కి, బాడుగ మోటారుసైకిల్ని ఆపింది. బండివాడు ఆమె పొట్ట చూసి బెదిరిపోయాడు.

"దారిలో ఏమన్నా అయితే నా మీదికొస్తది, అక్కా."

"ఇంట్లో చస్తే ఎవడి మీదికీ రాదు, తమ్ముడూ. పోనియ్."

అతను బండి కిక్కు కొట్టాడు. ఆమె వెనక ఎక్కి అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. బండి రాళ్ళ దారిలో కిందికి దిగడం మొదలుపెట్టింది.