చిన్న కడియం

బలి పండుగకు ముందు రోజు మా కొండ ఊరు షావెన్‌లో మనుషుల కంటే పొట్టేళ్ళకే మర్యాద ఎక్కువ. మెట్ల వీధుల్లో మగవాళ్ళు వాటిని బతిమాలి, తోసి, చివరికి భుజాన వేసుకుని కొండ మీది ఇళ్ళకు మోసుకెళ్తారు. ఆడవాళ్ళు గోడలకూ తలుపులకూ నీలం సున్నం పూస్తూ మోచేతుల దాకా నీలంగా తిరుగుతుంటారు. ఆ రోజు ఎవరైనా కొత్తవాడు ఊళ్ళోకి వస్తే పలకరించే తీరిక ఎవరికీ ఉండదు.

అలాంటి రోజే మొదటి బస్సులో అయాషీ దిగాడు. సముద్రం ఒడ్డున లరాష్ అతని ఊరు, చేపల బజారులో ఐసు కొట్టే పని. ఊరు చూడవచ్చినవాళ్ళు మా గోడలు చూసి, టీ తాగి పోతారు. అతను మాత్రం తలుపులు చూసుకుంటూ బయలుదేరాడు.

మా తలుపులకు తట్టడానికి రెండు ఇనప కడియాలుంటాయి. పెద్దది పరాయివాళ్ళకు, చిన్నది ఇంటివాళ్ళకు. పరాయి చెయ్యి చిన్నదాన్ని ఎంత బాదినా చప్పుడు రాదు. కొత్త కోడలి చేతికి కూడా అది మోగడానికి కొన్నాళ్ళు పడుతుంది. తన చేతికి పెళ్ళినాడే మోగిందని పై వాడలో ఉండే షామా ఇప్పటికీ వీధంతా చెప్పుకుంటుంది.

అయాషీ తల్లి మెన్నానా చలికాలంలో పోయింది. పోయేముందు చెప్పింది: "మీ నాన్న షావెన్ నేతగాడురా. ఉన్ని జుబ్బాలు అమ్ముకోడానికి ఏటా వచ్చేవాడు. పేరు అహ్మద్ అన్నాడు, నిజమో కాదో నాకు తెలీదు. వాళ్ళ ఊళ్ళో కడియాలు అబద్ధం చెప్పవని మాత్రం ఆయనే అన్నాడు." లరాష్‌లో అతన్ని మెన్నానా కొడుకు అనేవారు. అనే తీరులోనే మిగతాదంతా ఉండేది. ఒక్క పండుగ పూట తన ఇల్లు అని చెప్పుకోగల ఇంట్లో కూర్చుని తినాలని అతని ఆశ. అంతకు మించి ఏమీ లేదు.

కింది వాడ నుంచి మొదలుపెట్టి ప్రతి తలుపు దగ్గరా చిన్న కడియం ఎత్తి కొట్టాడు. ఏదీ పలకలేదు. సున్నం ఆరని తలుపుల వల్ల వేళ్ళు నీలమయ్యాయి.

"ఏం అబ్బాయ్, అత్తగారిని వెతుక్కుంటున్నావా?" అని మేడ మీద నుంచి ఒకావిడ అరిచింది. "మా ఇంట్లో ఆడపిల్లలు లేరు, పొట్టేలుంది, చేసుకుంటావా?"

మేడలన్నీ నవ్వాయి. అతనూ నవ్వబోయాడు కానీ నోరు సహకరించలేదు.

మధ్యాహ్నం దాటాక పై వాడలో బొగ్గులమ్మే హమ్మూకి జాలేసింది. "పెద్దది కొట్టవయ్యా, నీకు పుణ్యముంటుంది. పరాయివాడివైతే కనీసం టీ పోస్తారు."

"పరాయివాడిగా చాలా టీలు తాగాను బాబాయ్," అని అయాషీ పక్క తలుపుకి చెయ్యి వేశాడు.

చిన్న కడియం ఖంగుమంది.

హమ్మూ చేతిలో తక్కెడ ఆగిపోయింది. అది షామా ఇల్లు.

లోపల షామా కూతురు సాదియాతో కలిసి మసాలా దంచుతోంది. ఆ కడియం మోగించగల చేతులు రెండు జతలే, రెండూ రోటి దగ్గరే ఉన్నాయి. మూడో జత ఆమె మొగుడు ముఫద్దల్‌ది. అతను చనిపోయి అయిదేళ్ళయింది. షామా తలగుడ్డ సర్దుకుంది, ముఖం తుడుచుకుంది, ఆ వయసులో మెట్లు రెండేసి దిగింది.

"ఎవరు?" అంది. గొంతు పెళ్ళికూతురి గొంతులా వణికింది.

"దగ్గరివాణ్ణే," అన్నాడు అయాషీ. మా ఊళ్ళో ఇంటివాళ్ళు ఇచ్చే జవాబు అదే. తల్లి నేర్పింది.

తలుపు తీసింది. ఎదురుగా పాతికేళ్ళ కుర్రాడు. రెండు పక్కలా విచ్చుకున్న చెవులు, అచ్చం ముఫద్దల్ చెవులే. ఏటా జుబ్బాలు మూట కట్టి మొగుణ్ణి లరాష్ బస్సెక్కించింది తన చేతులతోనే. నా మొగుడు ఇంకో గడప తొక్కి ఎరగడని నలభై ఏళ్ళు వీధికి చెప్పింది. ఇప్పుడు ఆ వీధి మేడల మీద నుంచి వంగి చూస్తోంది.

"మేకు వదులైంది," అంది షామా. "గాలికి కూడా మోగుతోంది ఈ పాడు కడియం."

ఆకు కదలడం లేదు.

"పిన్నీ, నాకు ఆస్తిలో భాగం వద్దు," అన్నాడు అయాషీ. "రేపు మీతోపాటు ఒక్క ముద్ద. అదీ కుదరకపోతే ఆయన పేరు చెప్పు, వెళ్ళిపోతాను."

"ఎవరమ్మా?" అని లోపలి నుంచి సాదియా కేకేసింది.

"ఎవరూ కాదు," అని షామా తలుపు వేసేసింది.

సాయంత్రం బస్సులో అయాషీ ఒక్కడే కిందికి వెళ్ళాడు. మోగింది కదా, అది చాలనుకోవాలని చూశాడు. చాలలేదు. నీలం వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని దారంతా వాటినే చూసుకున్నాడు.

పొద్దుగూకేముందు షామా బొగ్గులకు వచ్చింది. హమ్మూ ఎప్పటిలా కబుర్లాడలేదు. తూచి, సంచిలో పోసి, ముఖం తిప్పుకున్నాడు. ఆమె తన తలుపు దగ్గరికి వచ్చి, సంచి చంకన పెట్టుకుని, నలభై ఏళ్ళ అలవాటుగా చిన్న కడియం ఎత్తి వదిలింది.

చప్పుడు రాలేదు.

మళ్ళీ కొట్టింది. రెండు చేతులతో పట్టుకుని బాదింది. బొగ్గులు మెట్ల మీద దొర్లిపోయాయి. పిలుద్దామంటే సాదియా పేరు గొంతు దాటలేదు. చీకటి పడుతోంది. చివరికి షామా పెద్ద కడియం పట్టుకుంది. అది వెంటనే మోగింది.

"ఎవరు?" అంది లోపలి నుంచి సాదియా.

ఒక్క మాట చెబితే చాలు. దగ్గరిదాన్నే అనడానికి షామా నోరు తెరిచింది. మాట రాలేదు.

"ఎవరండీ?" అంది సాదియా మళ్ళీ. తలకు గుడ్డ కప్పుకుని, పరాయివాళ్ళకు తీసినట్టే, తలుపు బెత్తెడు తీసింది.