నాన్నగారి హనీమూన్

తండ్రి హనీమూన్‌కి కూతురు కాటేజీ వెతికిపెట్టడం ఎక్కడైనా ఉందా అని నీరజ వారం రోజులుగా సణుగుతూనే ఉంది, వెతుకుతూనే ఉంది.

ప్రకాశరావు గారు డ్రైనేజీ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయిన ఆరేళ్లకు, అరవై మూడో ఏట, రేపల్లె ఆవిడ స్వర్ణలతను రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. ఆవిడకు యాభై ఆరు. భర్త ఎప్పుడో పోయాడు. బాపట్లలో ఏదో ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసింది. ఏ ఆస్పత్రో నీరజ అడగలేదు. అడిగితే ఈ పెళ్లిని మనసారా ఒప్పుకున్నట్టవుతుందని ఆమె భయం. తెనాలిలో ఇల్లు ఒకటే. కింద నీరజ, ఆమె భర్త హర్ష. పైవాటాలో కొత్త దంపతులు.

"ఏనుగులుండే అడవికి వెళ్దామనుకుంటున్నాం అమ్మా," అన్నారు ప్రకాశరావు గారు ఒక ఉదయం, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "నది పక్కన కాటేజీలుంటాయంట కదా, కొత్తగా పెళ్లయినవాళ్లు వెళ్తారంట. నువ్వు కాస్త నెట్లో చూసిపెట్టు."

"అన్నవరం వెళ్లి రావచ్చు కదా నాన్నా?"

"అన్నవరం ఎక్కడికి పోతుంది?" అన్నారాయన.

నీరజ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఇష్టం లేని పనైనా సగం చేసి వదలడం చేతకాదు. కర్ణాటక అడవుల్లో అయిదు రిసార్టులు ఏరి, ఫొటోలతో సహా ప్రింటు తీసి పైకి పట్టుకెళ్లింది. గులాబీ రేకులు చల్లిన మంచాలు, చెట్టు మీద గదులు, నది మీదికి వేలాడే చెక్క వసారాలు, కొవ్వొత్తుల వెలుగులో ఇద్దరికే వేసిన భోజనాల బల్లలు. తండ్రి ముందు ఆ కాగితాలు పరుస్తుంటే ఆమెకే సిగ్గేసింది.

స్వర్ణలత మాత్రం గులాబీ రేకుల వంక చూడనే లేదు. ఒక్కో కాగితం వేలితో జరుపుతూ, "చెట్టు మీది గది వద్దు. కొవ్వొత్తుల భోజనం అసలే వద్దు. ఈ వసారా కింద ఏముంది నీరజా, నదేనా? ఎంత లోతుంటుందో రాశారా?" అంది.

"అదెందుకండీ?"

"ఊరికే," అంది స్వర్ణలత. ఆ ఊరికే అన్న మాట అనేముందు ప్రకాశరావు గారి వంక ఒక్క చూపు చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

రెండు రోజుల తర్వాత ఆ రిసార్టుల్లో ఒకదాన్నుంచి నీరజకు మెయిల్ వచ్చింది. స్వర్ణలత మేడమ్ ఫోన్‌లో అడిగిన వివరాలివి అంటూ మేనేజరు వరసగా రాశాడు. రెండో నంబరు కాటేజీ వసారాకు రెయిలింగ్ మోకాలెత్తే ఉంటుంది. కింద నది ఈ నెలల్లో లోతుగానే ఉంటుంది. దారి దీపాలు రాత్రి పదింటికి ఆర్పేస్తారు. దగ్గరలో ఉన్న ఆస్పత్రికి నలభై రెండు కిలోమీటర్లు.

నీరజ ఆ మెయిల్ మూడుసార్లు చదివింది. ఫోన్ తీసుకెళ్లి భర్తకు చూపించింది.

"జాగ్రత్తపరులెవరైనా అడుగుతారు," అన్నాడు హర్ష షేవింగ్ చేసుకుంటూ.

"జాగ్రత్తపరులు వేణ్ణీళ్లొస్తాయా అని అడుగుతారు. దోమతెర ఉందా అని అడుగుతారు. నది లోతు, రెయిలింగ్ ఎత్తు, దీపాలెప్పుడు ఆర్పుతారు, ఇవా అడిగేది? నాన్నకి ఈత రాదు హర్షా."

"నువ్వు పేపర్లో అలాంటి వార్తలు చదవడం మానెయ్."

ఆమె మానలేదు. పైగా చూడటం మొదలుపెట్టింది. పాలు ఇచ్చే వంకతో, ఆరేసిన బట్టలు తెచ్చే వంకతో పైకి వెళ్లేది. ఒకసారి స్వర్ణలత ఫ్రిజ్‌లో ఏదో దాచి, గబుక్కున తలుపు మూసింది. ఆవిడ స్నానానికి వెళ్లాక నీరజ తెరిచి చూసింది. గుడ్ల అరలో, చింతపండు డబ్బా వెనక, బొటనవేలంత ప్లాస్టిక్ సీసా. సగం వరకు నీళ్లలాంటి మందు. దానికి అంటించిన చీటీ ఎవరో గోటితో గీకి గీకి తీసేశారు.

ఆ రోజు పిల్లలకు పాఠం చెబుతూ బోర్డు మీద ఒకే లెక్క రెండుసార్లు వేసింది నీరజ.

ఆదివారం పొద్దున్నే, కాలేజీలో పేపర్లు దిద్దాలని ఇంట్లో చెప్పి, రేపల్లె పాసింజరు ఎక్కింది. స్వర్ణలత అద్దెకున్న వీధి పెళ్లప్పుడు చూసిందే. పక్కింట్లో హలీమా అనే ఆవిడ జాకెట్లు కుడుతుంది. తాను స్వర్ణలత గారి బంధువుల అమ్మాయినని చెప్పుకుని, ఒక జాకెట్ గుడ్డ ఇచ్చి, కొలతలిస్తూ మాటల్లో పెట్టింది.

"స్వర్ణక్క మాకు పాతికేళ్ల పరిచయం అమ్మా," అంది హలీమా టేపు మెడలో వేసుకుంటూ. "మంచి మనిషి. ఇన్నాళ్లకి ఒక తోడు దొరికింది."

"మొదటాయన ఎట్లా పోయారండీ? మా ఇంట్లో తలో రకంగా చెబుతారు."

హలీమా టేపు తీసి నీరజ భుజానికి ఆనించింది. "కృష్ణ మీద పెనుమూడి రేవులోనమ్మా. ఇప్పుడున్న వంతెన కట్టకముందు మాట. పడవ దిగుతూ కాలు జారాడు."

"ఆవిడ ఎక్కడున్నారు అప్పుడు?"

"పక్కనే ఉంది."

"పక్కనేనా?"

"పక్కనే. చెయ్యి పట్టుకోబోతే అందలేదంట. ఈత రాకపోయినా తనూ దూకేసిందమ్మా. జాలర్లు జుట్టు పట్టుకుని పైకి లాగారు." హలీమా నీరజ ముఖంలోకి చూసింది. "మీరు వాళ్లకి ఏ వైపు బంధువులన్నారు?"

నీరజ ఏదో చెప్పి లేచింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే, హలీమా చెప్పినదాంట్లో దూకడం గానీ జాలర్లు గానీ గుర్తు రాలేదు. పక్కనే ఉంది అన్న రెండు మాటలే చెవిలో మోగుతూ వచ్చాయి.

గురువారం ప్రకాశరావు గారు తెల్లచొక్కా వేసుకుని కిందికి దిగారు. మెట్ల మీద ఆయన చెయ్యి గోడను వదలలేదు. వెనకే స్వర్ణలత, చంకలో సంచీ.

"బాపట్ల వెళ్లొస్తాం అమ్మా. సూర్యలంక బీచ్ చూసి సాయంత్రానికి వచ్చేస్తాం."

నీరజ కాలేజీకి ఫోన్ చేసి జ్వరమని చెప్పింది. స్టేషన్లో టీ స్టాల్ చాటున నిలబడి, వాళ్లు ఎక్కిన పెట్టె చూసుకుని తను పక్క పెట్టె ఎక్కింది. బాపట్లలో దిగి ఆటో మాట్లాడుకుంది.

"ఆ ముందు పోయే ఆటో వెనకే పోనివ్వండి. సూర్యలంక వెళ్తున్నారు."

కాసేపటికి డ్రైవరు వెనక్కి తిరిగాడు. "వాళ్లు బీచ్ దారి పట్టలేదండి. బజార్లోకి తిరిగారు."

నీరజ సీటు అంచుకు జరిగింది. రిజిస్ట్రారు ఆఫీసేమో, లాయరేమో అనుకుంది. ఆటో ఆగిన చోట తలెత్తి చూస్తే కంటి ఆస్పత్రి.

లోపల వరండా నిండా జనం. నల్లకళ్లద్దాల ముసలివాళ్లు, పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు. స్వర్ణలత కౌంటరు దగ్గరికి వెళ్తే అక్కడి అమ్మాయిలు లేచి నిలబడి "సిస్టర్, బాగున్నారా?" అని పలకరించారు. ఒకతను ప్రకాశరావు గారిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. నీరజ స్తంభం పక్కన నిలబడిపోయింది.

గంట తర్వాత ఆయన బయటికొచ్చారు. వరండా వెంట నడుస్తూ నీరజ నిలబడ్డ చోటికి వచ్చారు. ఆయన కుడి మోచేతికి రెండడుగుల్లో ఉంది ఆమె. దాక్కోవాలన్న సంగతి కూడా మర్చిపోయింది. ఆయన చూడలేదు. నేరుగా ముందుకు చూస్తూ ఆమెను దాటి వెళ్లిపోయారు.

"కుడివైపు కుర్చీ ఉంది," అంది స్వర్ణలత నెమ్మదిగా. ఆయన ఎడమకు జరిగారు.

"నాన్నా!"

ఆమె గొంతు గుర్తుపట్టి, ఆయన మొత్తం ఒళ్లు తిప్పి చూశారు. ముందు భయం, తర్వాత తప్పు చేస్తూ దొరికిపోయినవాడి నవ్వు ఆ ముఖంలో కనిపించాయి.

ముగ్గురూ చివరి బెంచీ మీద కూర్చున్నారు. చెప్పింది స్వర్ణలతే. "నీటికాసులు, గ్లకోమా అంటారే, అది. పక్క చూపు పోయింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. వెలుగు తగ్గితే మెట్టు తెలీదు, గుంట తెలీదు. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడానికి చుక్కలు వేస్తున్నాం, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందు."

"చీటీ ఎందుకు గీకేశారు?"

"నేనే గీకాను," అన్నారు ప్రకాశరావు గారు. "నువ్వు చదువుతావని."

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు. ఇక్కడే చూపించుకునేవాణ్ణి. స్వర్ణ అప్పుడు ఇక్కడే పనిచేసేది."

రెండేళ్లు. రోజూ కింద కాఫీ తాగుతూ, గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటూ ఆయన దాచారు. నీరజకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

"పరాయి ఆవిడకి చెప్పారు. నాకు చెప్పలేదు."

"నీకు చెబితే నన్ను గడప దాటనిచ్చేదానివా?" అన్నారాయన. గొంతు పెంచలేదు. "మీ అమ్మకి గుండె జబ్బని తెలిసిన రోజు నుంచీ ఆవిణ్ణి పెరట్లోకి కూడా వెళ్లనివ్వలేదు నువ్వు. నీ ప్రేమ నాకు తెలుసమ్మా. కానీ ఆవిడ చివరి రెండేళ్లూ కిటికీలోంచే చూసింది. నేను ముప్ఫై అయిదేళ్లు మురుగుకాలవలు చూశాను. ఏనుగు ఎదురుగా వచ్చి నిలబడితే ఎట్లా ఉంటుందో చూపుండగానే చూడాలనుంది."

 అమ్మ అడిగినప్పుడల్లా తను రేపు వెళ్దువుగానిలే అన్న సంగతి నీరజకు గుర్తొచ్చింది. స్వర్ణలత వైపు తిరిగింది.

"నేను రేపల్లె వెళ్లాను. మీ గురించి అడగడానికి."

"తెలుసు. ఆ రోజే హలీమా ఫోన్ చేసింది. జాకెట్ కూడా కుట్టేసిందంట."

"మరి ఏమీ అనలేదేంటండీ?"

"కోపమొచ్చింది. రెండు రోజులు నీ ముఖం చూడబుద్ధి కాలేదు," అంది స్వర్ణలత దాచుకోకుండా. "ఆయన చెప్పొద్దన్నారు కాబట్టి ఊరుకున్నాను. రేవులో నా చెయ్యి అందలేదు నీరజా. అందుకే రెయిలింగ్ ఎత్తు అడిగి మరీ వెళ్తాను ఎక్కడికైనా."

ఆ సాయంత్రం పైవాటాలో కాగితాలన్నీ మళ్లీ పరిచారు. ఈసారి ఫోన్లు నీరజే చేసింది. నడుమెత్తు రెయిలింగ్ ఉందా, గది నేలకు సమంగా ఉందా, రాత్రంతా దారి దీపాలుంచుతారా, జీపులో ముందు సీటు ఇస్తారా. మూడు రిసార్టులవాళ్లు విసుక్కున్నారు. నాలుగో చోట ఒక ముసలి మేనేజరు ఓపిగ్గా విన్నాడు. నది కాస్త దూరమే అయినా, ఏనుగులు సాయంత్రం పూట ఎదురుగా ఉన్న మైదానానికే వస్తాయని, వెలుగుండగానే కనిపిస్తాయని చెప్పాడు. అక్కడే ఖాయం చేసింది. మంచం మీద గులాబీ రేకులు చల్లమంటారా అని అతనడిగితే, నీరజ ఫోన్ మీద చెయ్యి పెట్టి తండ్రి వైపు చూసింది.

"చల్లమను," అన్నారు ప్రకాశరావు గారు.

నాలుగు రోజులు అడవిలో ఉండి, ఎండకు కమిలిన ముఖాలతో తిరిగొచ్చారు. ఆ మధ్యాహ్నం ప్రకాశరావు గారు భోజనం కూడా మర్చిపోయి చెప్పారు. తల్లి ఏనుగు దుమ్ము ఎత్తి వీపు మీద పోసుకోవడం, గున్న దాని కాళ్ల మధ్యనించి తొంగిచూడటం, ఎడమ పక్కన వెదురు పొదల్లో జింకల మంద ఉలిక్కిపడటం, వాటి వెనక ఎక్కడో నెమలి. మధ్యమధ్య స్వర్ణలత ఒక మాట అందిస్తే ఆయన దాన్ని అందుకుని ఇంకా పెద్దది చేసి చెప్పారు.

అందులో ఏది ఆయన చూశారో, ఏది ఆవిడ పక్కనించి చెప్పిందో నీరజకు తెలియలేదు. అడగాలని నోటిదాకా వచ్చింది. అడగకుండా ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.